కమ్మరి ఇంట పుట్టిన వెలుగు – మైఖేల్ ఫారడే



మేము ముగ్గురం ఈ హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్నవాళ్లం. అప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ముగ్గురం మూడు జిల్లాల వాళ్లమయ్యాం. మాలో ఒకరికి జనగామలో మోటారు వైండింగ్ షాపు ఉంది. ఒకరు మహబూబాబాద్ జిల్లాలో భౌతికశాస్త్రం చెప్పే టీచరు. ఇంకొకరు భూపాలపల్లి దగ్గర చెల్పూరు విద్యుత్ కేంద్రంలో పనిచేస్తున్నారు. సంచికకు ఏదైనా మహనీయుని జీవితం రాయమని అడిగినప్పుడు ముగ్గురికీ ఒకే పేరు తోచింది. ఎందుకో చెప్పాలంటే ముందు మా చిన్ననాటి ముచ్చట ఒకటి చెప్పాలి.

పదో తరగతిలో సంక్రాంతి సెలవులకు మాలో ఒకరి ఊరికి వెళ్లాం. పగిలిన రేడియో స్పీకరులోంచి తీసిన అయస్కాంతం మా జేబులో ఉండేది. ఊరి కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని, కనిపించిన ప్రతి ఇనుప ముక్కకూ దాన్ని అంటించి చూస్తున్నాం. కొలిమిలోంచి తీసిన నాగలి కర్రు నిప్పులా వెలుగుతోంది. తీగకు కట్టిన అయస్కాంతాన్ని దాని దగ్గరికి తీసుకుపోతే అది కదలనే లేదు! కర్రు చల్లారాక మళ్లీ చూపిస్తే టక్కున అంటుకుంది. కమ్మరి తాత నవ్వి, బాగా కాలిన ఇనుము అయస్కాంతానికి దొరకదని, ఆ సంగతి తమ తాతల నుంచి తెలుసని చెప్పాడు. ఎందుకు దొరకదో మాత్రం ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు.

ఆ వేడి సంగతిని లోహం తర్వాత లోహాన్ని పట్టి పరీక్షించి, లెక్కగా రాసిపెట్టిన తొలి శాస్త్రవేత్తల్లో ఒకరు మైఖేల్ ఫారడే. ఆయనా కమ్మరి కొడుకే. అంతేకాదు, ఇనుములో ఇతర లోహాలు కలిపి కొత్త ఉక్కు తయారు చేయాలని ఆయన కొలిమి ముందు కూర్చోవడానికి కారణం మన దక్షిణ భారతదేశపు ఉక్కు. పాఠ్యపుస్తకంలో ఆయన పేరు విద్యుత్తు పాఠంలోనే వస్తుంది. ఇనుముతో ఆయనకున్న సంబంధం అందులో కనబడదు. అందుకే ఈ వ్యాసం.

రొట్టె ముక్కల బాల్యం

ఫారడే 1791 సెప్టెంబరు 22న లండన్ శివార్లలోని న్యూయింగ్టన్ బట్స్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ పల్లె నుంచి పట్నానికి బతకవచ్చిన కమ్మరి. తల్లి పేరు మార్గరెట్. నలుగురు పిల్లల్లో ఫారడే మూడోవాడు. తండ్రికి ఆరోగ్యం సరిగా ఉండేది కాదు. సమ్మెట ఎత్తగలిగిన రోజు కూలి, ఎత్తలేని రోజు పస్తు. 1801లో ధాన్యం ధరలు మండిపోయినప్పుడు తల్లి వారానికి ఒక రొట్టె చేతిలో పెట్టి, దానితోనే వారమంతా గడుపుకొమ్మందట. అప్పటికి అతనికి తొమ్మిదేళ్లు.

బడి చదువు అంతంత మాత్రమే. చదవడం, రాయడం, కొద్దిపాటి లెక్కలు అంతే. చిన్నప్పుడు అతనికి ‘ర’ అక్షరం సరిగా పలికేది కాదనీ, టీచరమ్మ దానికి కొట్టబోతే తల్లి బడి మాన్పించిందనీ చెబుతారు. మన యాసను చూసి నవ్వేవాళ్లు మనకూ తగిలారు. కాబట్టి ఆ పిల్లవాడి మనసు ఎలా ఉండి ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

పుస్తకాలు కుట్టే కుర్రాడు

1804లో, పదమూడో ఏట, జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరాడు. మొదట ఇంటింటికీ పత్రికలు వేసే పని. మరుసటి ఏడాది ఏడేళ్ల ఒప్పందంపై పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని నేర్చుకోవడానికి చేరాడు. పిల్లవాడు బుద్ధిమంతుడని రీబో అతని దగ్గర రుసుము తీసుకోలేదు.

బైండింగుకు వచ్చిన పుస్తకాన్ని కుట్టి పక్కన పెట్టేవాళ్లే ఎక్కువ. ఫారడే కుడుతూనే చదివాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ అనే ఆమె రాసిన రసాయనశాస్త్ర సంభాషణల పుస్తకం అతన్ని కట్టి పడేశాయి. చదివింది నిజమో కాదో చూడాలని ఖర్చుకు వచ్చిన నాలుగు డబ్బులతో సామాను కొని, చిన్న చిన్న ప్రయోగాలు చేశాడు. ఊళ్లో టేటమ్ అనే ఆయన ఇచ్చే సైన్సు ఉపన్యాసాలకు ఒక్కోదానికి ఒక షిల్లింగు టికెట్టు. ఆ షిల్లింగు ఇచ్చింది అన్న రాబర్ట్. ఆయన కూడా తండ్రిలాగే కమ్మరి. తండ్రి 1810లో చనిపోయాడు. ఇంటి భారం మోస్తూనే తమ్ముడి టికెట్టుకు డబ్బు తీసిపెట్టిన ఆ అన్న పేరు చరిత్రలో పెద్దగా వినపడదు. మన ఇళ్లలోనూ తాము బడి మానేసి మనల్ని హాస్టలుకు పంపిన అన్నలు, అక్కలు ఉన్నారు కదా!

1812లో దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే పెద్దమనిషి ఈ కుర్రాడి శ్రద్ధ చూసి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చే ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. డేవీ అప్పటికి దేశమంతా పేరున్న రసాయన శాస్త్రవేత్త. ఫారడే నాలుగు ఉపన్యాసాలు విని, ప్రతిదీ రాసుకుని, బొమ్మలు గీసి, 300కు పైగా పేజీల పుస్తకంగా తానే కుట్టాడు. ఆ ఏడాది చివర్లో దాన్ని డేవీకి పంపి, సైన్సులో ఏదైనా పని ఇప్పించమని కోరాడు. డేవీ ఆదరంగానే పలకరించాడు గానీ అప్పటికి ఖాళీ లేదు. కొద్దినాళ్లకు ప్రయోగశాలలో ఉన్న సహాయకుడు గొడవపడి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1813 మార్చి 1న ఆ చోటు ఫారడేకి దక్కింది. వారానికి 25 షిల్లింగుల జీతం, మేడ మీద రెండు గదులు, పొయ్యిలోకి బొగ్గు, వెలుతురుకు కొవ్వొత్తులు. సీసాలు కడగడం, సామాను అందించడం పని.

యాత్రలో అవమానం

అదే ఏడాది అక్టోబరులో డేవీ భార్యతో కలిసి యూరప్ యాత్రకు బయలుదేరాడు. ఫారడేని శాస్త్ర సహాయకుడిగా వెంట తీసుకుపోయాడు. చివరి నిమిషంలో డేవీ సొంత నౌకరు రానన్నాడు. ఇంకో మనిషి దొరికేదాకా ఆ పనులు కూడా చూడమని ఫారడేని అడిగారు. ఇంకో మనిషి దొరకనే లేదు. డేవీ భార్య అతన్ని నౌకరుగానే చూసింది. నౌకర్లతోనే కూర్చుని తినమంది. ఒక దశలో అన్నీ వదిలేసి ఇంటికి తిరిగిపోయి మళ్లీ పుస్తకాలు కుట్టుకుందామా అనుకున్నాడు.

పోలేదు. అవమానం మింగుడు పడిందని కాదు. ప్యారిస్‌లో ఆంపియర్‌నీ, మిలాన్‌లో బ్యాటరీ కనిపెట్టిన వోల్టానీ చూసే అవకాశం మళ్లీ రాదని ఆగాడు. భాషలు నేర్చుకున్నాడు, ప్రతి ప్రయోగాన్నీ దినచర్యలో రాసుకున్నాడు. 1815 ఏప్రిల్‌లో లండన్ చేరేసరికి కాలేజీ గడప తొక్కకుండానే యూరప్ శాస్త్రవేత్తలందరి పనీ కళ్లారా చూసినవాడయ్యాడు.

మన ఉక్కు – ఆయన కొలిమి

ఇప్పుడు అసలు కథకు వద్దాం.

ఆ రోజుల్లో ఇంగ్లండులో కత్తులు, క్షౌరపు కత్తులు, శస్త్రచికిత్స పనిముట్లు చేసేవాళ్లందరి నోటా ఒక పేరు నానుతుండేది. అది వూట్జ్. భారతదేశం నుంచి వచ్చే ఈ ఉక్కు గుళ్లతో చేసిన కత్తికి పదును ఎంతకీ పోదని పేరు. ఆ పేరు మన ‘ఉక్కు’ అనే మాటే తెల్లవాళ్ల నోట్లో పడి అలా మారిందని చాలామంది పండితుల అభిప్రాయం. తెలుగులోనూ, కన్నడంలోనూ అది ఉక్కే. మన తెలంగాణలో దీనికి పేరుమోసిన ఊరు నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం. అక్కడి ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పని కళ్లారా చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. రెండు రకాల ఇనుమును మట్టిమూసలో పెట్టి, మూత బిగించి, బొగ్గుల మీద గంటల తరబడి తిత్తులు ఊది కరిగించి, మెల్లగా చల్లార్చేవారు. ఆ పని చేసిన వారిలో ఒక్కరి పేరు కూడా ఎక్కడా రాసి లేదు.

లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు ఉండేవాడు. మన ఉక్కంటే ఆయనకు ప్రాణం. ఆయన, ఫారడే కలిసి 1818 ప్రాంతంలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ నేలమాళిగలో కొలిమి పెట్టారు. ఈ ఉక్కులో ఏముంది? దాన్ని మించిన ఉక్కు చేయగలమా? ఇవీ వాళ్ల ప్రశ్నలు. తండ్రి కొలిమి పక్కన పెరిగిన పిల్లవాడు మళ్లీ కొలిమి ముందుకొచ్చాడు. కాకపోతే ఈసారి పక్కన త్రాసు, ఆమ్లం సీసా, నోటు పుస్తకం ఉన్నాయి.

1819లో వూట్జ్ విశ్లేషణ ప్రచురించాడు. ఇనుములో కలిసిన అల్యూమినియం తాలూకు పదార్థమే ఆ గుణానికి మూలమని తేల్చాడు. ఈ తేల్చడం తప్పు! అందులో అసలు సంగతి కర్బనం. మామూలు ఉక్కు కన్నా ఎక్కువగా, సుమారు ఒకటిన్నర శాతం దాకా కర్బనం ఉండడం, అది మెల్లగా చల్లారడం వల్లనే ఆ గట్టిదనం వస్తుందని తర్వాతి వాళ్లు తేల్చారు. కత్తి మీది అలల గీతలకు వనేడియం వంటి మూలకాల లేశం కూడా కారణమని 1990లలో చేసిన ప్రయోగాల్లో తెలిసింది.

తప్పు చెప్పినవాడి గురించి ఎందుకు రాయాలి అని మీరు అడగవచ్చు. ఆ తప్పు దారిలో నడుస్తూనే ఆయన ఒక కొత్త పొలం దున్నాడు. ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం, ఇరిడియం, పల్లాడియం, బంగారం, నికెల్, రాగి, తగరం, క్రోమియం ఇలా ఒక్కో లోహాన్నీ వేర్వేరు పాళ్లలో కలిపి చూశాడు. ప్రతి ముక్కనూ సాగగొట్టి, సానబట్టి, ఆమ్లంలో ముంచి పరీక్షించాడు. వెండి 500 పాళ్లకు ఒక పాలు మాత్రమే ఉక్కుతో కలుస్తుందనీ, అంతకు మించితే పూసలుగా బయటికి వచ్చేస్తుందనీ గమనించాడు. ఆకాశం నుంచి పడే ఉల్క ఇనుములో నికెల్ ఉంటుందని తెలిసి, మంచి ఇనుములో 3 శాతం, 10 శాతం నికెల్ కలిపి కృత్రిమంగా ఉల్క ఇనుము చేశాడు. ఉక్కులో క్రోమియం కలిపితే ఏమవుతుందో చూశాడు. ఈ పరిశోధనలు 1820లో, 1822లో రెండు వ్యాసాలుగా అచ్చయ్యాయి. షెఫీల్డ్ పట్టణపు ఉక్కు వ్యాపారులు కొన్నింటిని తయారు చేసి చూశారు. ఫారడే తన ఉక్కుతో చేయించిన క్షౌరపు కత్తులను స్నేహితులకు కానుకగా ఇచ్చాడు.

1823లో స్టోడార్ట్ కన్నుమూశాడు. మరుసటి ఏడాదికి ఆ పని ఆగిపోయింది. ప్లాటినం, రోడియం ఖరీదు ఎక్కువ, లాభం తక్కువ. లోకం దృష్టిలో అది ఫలించని పని. ఫారడే మాత్రం ముక్కలను పారేయలేదు. ఒక చెక్కపెట్టెలో దాచాడు. ఆ పెట్టె సంగతి మళ్లీ చెబుతాం.

ఇనుప కడియం

ఈ మధ్యలోనే, 1821 జూన్ 12న సారా బర్నార్డ్‌ను పెళ్లాడాడు. అదే ఏడాది సెప్టెంబరులో పాదరసం గిన్నెలో అయస్కాంతం నిలబెట్టి, విద్యుత్తు ప్రవహించే తీగ దాని చుట్టూ తిరిగేలా చేశాడు. ప్రపంచంలోని మోటార్లన్నింటికీ అదే మూలపురుషుడు. ఆలోచన వేరే పెద్దలదని, ఈయన వాళ్ల పేరు చెప్పకుండా అచ్చు వేశాడని నింద పడింది. 1824లో రాయల్ సొసైటీ సభ్యత్వానికి పేరు వచ్చినప్పుడు, ఒకప్పుడు చేరదీసిన డేవీయే వ్యతిరేకించాడు. ఓటింగులో ఒక్కటే వ్యతిరేక ఓటు పడింది. ఫారడే సభ్యుడయ్యాడు. చివరి వరకూ డేవీ గురించి మాత్రం మర్యాదగానే మాట్లాడాడు.

1831 ఆగస్టు 29న మెత్తని ఇనుముతో చేసిన కడియం తీసుకున్నాడు. బయటి కొలత ఆరు అంగుళాలు. దాని ఒక సగానికి ఒక తీగ, రెండో సగానికి ఇంకో తీగ చుట్టాడు. మొదటి తీగకు బ్యాటరీ తగిలించిన క్షణంలో, తీసిన క్షణంలో రెండో తీగ దగ్గరి సూది కదిలింది. అక్టోబరులో తీగచుట్టలోకి అయస్కాంతాన్ని దూర్చి, తీసి విద్యుత్తు పుట్టించాడు. ఈ రోజు ఊరి చివర స్తంభం మీద కనిపించే ట్రాన్స్‌ఫార్మరు ఆ కడియమే. చెల్పూరులో బొగ్గు మండించి 1,100 మెగావాట్లు తీసే జనరేటర్లు ఆ తీగచుట్టే. జనగామ, మహబూబాబాద్ స్టేషన్ల మీదుగా పరుగెత్తే కరెంటు రైళ్లూ దాని మీదే నడుస్తున్నాయి.

ఎంత వేడికి అయస్కాంతం చచ్చిపోతుంది?

కాలిన ఇనుము అయస్కాంతానికి అంటుకోదని 1600లోనే విలియం గిల్బర్ట్ రాశాడు. అంతకుముందు నుంచీ కమ్మరులకు తెలుసు. ఫారడేకి వేరే అనుమానం వచ్చింది. ఇనుము, నికెల్ మాత్రమే అయస్కాంత లోహాలు ఎందుకు కావాలి? మిగతా లోహాలు కూడా, బాగా చల్లబరిస్తే, అయస్కాంతాలు అవుతాయేమో! మామూలు వేడే వాటికి ఎక్కువేమో!

1836లో ఆయన చాలా లోహాలను గడ్డకట్టే చలికన్నా ఎంతో తక్కువకు చల్లబరచి చూశాడు. అవి మారలేదు. వేడి వైపు మాత్రం ఫలితం దొరికింది. ఇనుము నారింజ రంగుకు కాలితేనే గుణం పోగొట్టుకుంటుంది. నికెల్ అంతదాకా ఆగదు. మరిగే బాదం నూనె వేడికి, అంటే సుమారు 340 డిగ్రీల సెల్సియస్ దగ్గరే, అయస్కాంతానికి దొరకకుండా పోతుంది. ఒక్కో లోహానికి ఒక్కో హద్దు ఉందన్నమాట. 1839లో కోబాల్టు కూడా అయస్కాంత లోహమేనని రాశాడు.

ఇంకో ముఖ్యమైన తేడా కూడా పట్టుకున్నాడు. ఉక్కుతో చేసిన శాశ్వత అయస్కాంతం ఎర్రబడకముందే, నూనె మరిగే వేడికే తన సొంత శక్తి పోగొట్టుకుంటుంది. అప్పుడు కూడా అది మామూలు ఇనుములా మరో అయస్కాంతానికి అంటుకుంటుంది. ఇంకా కాల్చి నారింజ రంగుకు తెస్తే అదీ పోతుంది. అంటే హద్దులు రెండు. ఒకటి అయస్కాంతంగా ఉండే శక్తి పోయే వేడి. రెండోది అయస్కాంతానికి లొంగే గుణమే పోయే వేడి.

కారణం ఇప్పుడు మనకు తెలుసు. ఇనుములోని ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతం. అవన్నీ ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా ఒకే దిక్కుకు తిరిగి ఉంటాయి. వేడి వాటిని ఊపుతుంది. ఒక హద్దు దాటాక వరుస చెదిరిపోతుంది. 1895లో పియరీ క్యూరీ దీన్ని ఇంకా లోతుగా పరిశోధించాడు. అందుకే ఆ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటాం. ఇనుముకు అది 770 డిగ్రీలు, నికెల్‌కు సుమారు 358, కోబాల్టుకు 1,100 డిగ్రీల పైన. కొలిమి దగ్గర మా అయస్కాంతానికి కర్రు ఎందుకు దొరకలేదో ఈ ఒక్క అంకె చెబుతుంది.

దీనివల్ల లాభమేమిటి? వైండింగ్ షాపు నుంచి ఒక ఉదాహరణ చెబుతాం. ఎండాకాలంలో బోరు మోటారు కాలిపోయిందని రైతులు తెస్తారు. అందులో కాలేది రాగి తీగ మీది పూత, కాగితం. లోపలి ఇనుప రేకులు బాగానే ఉంటాయి. ఎందుకంటే 770 డిగ్రీలు ఆ మోటారు చూడనే చూడదు. ఎలక్ట్రిక్ స్కూటరు మోటారు సంగతి వేరు. అందులోని నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతం చాలా బలమైనది గానీ దాని క్యూరీ హద్దు 310 డిగ్రీల ప్రాంతమే. మామూలు రకాలైతే 80 డిగ్రీలు దాటితేనే బలం తగ్గడం మొదలవుతుంది. విమానం ఇంజను పక్కన తిరిగే జనరేటరుకు అది పనికిరాదు. కాబట్టి వేడికి తట్టుకునే అయస్కాంత మిశ్రలోహాలు కావాలి.

పెట్టెలోని 79 ముక్కలు

ఇక్కడే ఫారడే చెక్కపెట్టె మళ్లీ తెరుచుకుంటుంది. ఆయన చనిపోయిన అరవై ఏళ్లకు పైగా గడిచాక, సర్ రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ అనే ఉక్కు శాస్త్రవేత్త ఆ పెట్టెలోని 79 ముక్కలనూ ఆధునిక పద్ధతుల్లో పరీక్షించి, 1931లో పుస్తకం వేశాడు. ఈ హాడ్‌ఫీల్డ్ సామాన్యుడు కాదు. అయస్కాంతానికి దాదాపు అంటుకోని మాంగనీస్ ఉక్కు ఆయనదే. ట్రాన్స్‌ఫార్మర్లలో వాడే సిలికాన్ ఉక్కు తెచ్చిన వారిలోనూ ఆయన ఒకరు. ఉక్కులో ఇతర లోహాలను కలిపి క్రమపద్ధతిలో పరీక్షించే పనికి తొలి దారి వేసింది ఫారడేయేనని ఆయన నిరూపించాడు. ఫలించలేదనుకున్న పని వందేళ్లకు సాక్ష్యంగా నిలబడింది.

ఆ దారిలోనే తర్వాతి వాళ్లు నడిచారు. జపాన్‌లో కోటారో హోండా 1917లో ఉక్కులో కోబాల్టు, టంగ్‌స్టన్, క్రోమియం కలిపి బలమైన అయస్కాంతం చేశాడు. 1931లో అదే దేశపు మిషిమా ఇనుముకు నికెల్, అల్యూమినియం కలిపాడు. దాని సంతతే అల్నికో. 500 డిగ్రీల వేడిలో కూడా అది పనిచేస్తుంది. ఇనుము, కోబాల్టు చెరిసగం తీసుకుని కొంచెం వనేడియం కలిపితే క్యూరీ హద్దు 900 డిగ్రీలు దాటుతుంది. విమానాల జనరేటర్లలో వాడేది ఈ రకమే. ఫారడే పరీక్షించిన మూడు అయస్కాంత లోహాలు, ఇనుము, నికెల్, కోబాల్టు, వీటికి ఆధారంగా ఉన్నాయి చూడండి.

ఈ పని మనకు దూరం కాదు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనా ప్రయోగశాల 1963 నుంచి అక్కడ ఉంది. వేడికి తట్టుకునే సమేరియం-కోబాల్ట్ అయస్కాంతాలను మన దేశంలో అభివృద్ధి చేసింది అదే. దాని పొరుగునే 1973లో ఏర్పడిన మిధాని సంస్థ ప్రత్యేక మిశ్రలోహాలు తయారు చేస్తుంది. మన బయ్యారం గుట్టల్లో ఇనుప ఖనిజం ఉంది, భూపాలపల్లి నేల కింద బొగ్గు ఉంది, జనగామ పక్కన పెంబర్తిలో ఇత్తడి రేకు మీద శిల్పం చెక్కే చేతులు ఉన్నాయి. లోహం మనకు కొత్త కాదు. దాన్ని కొలిచి రాసిపెట్టే అలవాటే కొత్త.

చివరి రోజులు

ఫారడేకి గణితం రాదు. తన అయస్కాంత బలరేఖల ఆలోచనను బొమ్మలతో, మాటలతోనే చెప్పాడు. వాటిని సమీకరణాలుగా మార్చింది మాక్స్‌వెల్. 1845లో కాంతి మీద కూడా అయస్కాంత ప్రభావం ఉంటుందని చూపాడు. 1827 నుంచి పిల్లల కోసం క్రిస్మస్ ఉపన్యాసాలు 19 సార్లు ఇచ్చాడు. ఒక్క కొవ్వొత్తిని తీసుకుని రసాయనశాస్త్రమంతా చెప్పిన ఉపన్యాసాలు 1861లో పుస్తకంగా వచ్చాయి. ప్రయోగాల దినచర్యలో పేరాలకు వరుస అంకెలు వేస్తూ పోయాడు. ఆ అంకె 16,000 దాటింది.

1840 ప్రాంతం నుంచి జ్ఞాపకశక్తి దెబ్బతింది. చేసిన ప్రయోగమే మళ్లీ చేయబోయి నోటు పుస్తకం చూసి ఆగేవాడు. సర్ బిరుదు ఇస్తామంటే వద్దన్నాడు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి రెండుసార్లు వద్దన్నాడు. 1858లో రాణి హాంప్టన్ కోర్టులో ఇల్లు ఇచ్చింది. 1867 ఆగస్టు 25న అక్కడే తన కుర్చీలో కన్నుమూశాడు. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో సామాన్యమైన రాతి కింద ఉన్నాడు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట

మా ముగ్గురిలో వైండింగ్ షాపు నడిపే మిత్రుడు ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పి చదువు మానేశాడు. సిగ్గుపడి పదేళ్లు పాత విద్యార్థుల సమావేశాలకు రాలేదు. టీచరైన మిత్రుడు ఫారడే మీద పుస్తకం చదివి, ఆయనకూ లెక్కలు రావని, ఆయన పెట్టుబడి చేతి పని, నోటు పుస్తకమేనని ఒకరోజు షాపులో కూర్చుని చెప్పాడు. అప్పటినుంచి మా మిత్రుడు రిపేరుకు వచ్చిన ప్రతి మోటారు గురించి రాస్తున్నాడు. ఎన్ని చుట్లు, ఏ గేజి తీగ, ఎక్కడ కాలింది, ఎందుకు కాలింది. ఇప్పటికి తొమ్మిది నోటు పుస్తకాలయ్యాయి. టీచరు మిత్రుడు తన పదో తరగతికి విద్యుత్తు పాఠం ఆ పుస్తకాలతోనే చెబుతున్నాడు. ఈ వ్యాసంలో మోటారు సంగతి కూడా అందులోంచి తీసిందే.

లెక్కలు మానేయమని మేము చెప్పడం లేదు. బాగా నేర్చుకోండి. కానీ ఒక పరీక్ష తప్పినంత మాత్రాన మన పని అయిపోయిందనుకోవద్దు. మన తల్లిదండ్రులు కొలిమి దగ్గర, పొలంలో, బొగ్గు బావిలో, రాళ్ల క్వారీలో నేర్చుకున్నది చదువు కాదనుకోవద్దు. కోనసముద్రం కమ్మరులు లోకం మెచ్చిన ఉక్కు చేశారు. దాన్ని రాసిపెట్టే అవకాశం వాళ్లకు దొరకలేదు. అందుకే వాళ్ల పేర్లు లేవు. ఫారడే తప్పులు కూడా రాసిపెట్టాడు. అందుకే ఆయన తప్పులోంచి కూడా మనం నేర్చుకుంటున్నాం. మనకు ఇప్పుడు హాస్టలు ఉంది, పుస్తకం ఉంది, పెన్ను ఉంది.

ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ అమ్మానాన్నల పనిలో మీకు అర్థం కాని సంగతి ఒక్కటి అడగండి. రాసుకోండి. వచ్చే వార్షికోత్సవానికి మేము ముగ్గురం వస్తాం. ఆ నోటు పుస్తకాలు మాకు చూపించండి.